డాష్‌బోర్డులో కంప్యూటరు పెట్టాలంటే ముందు బ్యాటరీని మచ్చిక చేసుకోండి

పదిహేడేళ్లుగా ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. బ్యాటరీ మూత విప్పి వాసన చూస్తే చాలు, డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్లయిందో చెప్పేస్తాను. అలాంటి నాకు మా కారులోని 35 యాంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీ మూడు చెరువుల నీళ్లు తాగించింది. డాష్‌బోర్డులో కంప్యూటరు పెట్టడమంటే స్క్రీను బిగించడం, పాటలు ఎక్కించడం అనుకునేవాణ్ణి. అవి రెండు ఆదివారాల్లో అయిపోయాయి. కరెంటు సంగతి తేలడానికి ఐదు నెలలు పట్టింది. అందుకే ఇందులో ఎక్కువ భాగం కరెంటు గురించే ఉంటుంది.

మాది 2014 మోడల్ వ్యాగన్ ఆర్, ఎల్ఎక్స్ఐ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ముందు ఓనరు పెట్టించిన పాత స్టీరియో ఒకటి ఉంది. దాని జాగాలో రాస్‌బెర్రీ పై 4 అనే, అరచేతిలో పట్టే 5 వోల్టుల కంప్యూటరు బోర్డు, ఏడంగుళాల టచ్ స్క్రీను పెట్టాను. పాత ల్యాప్‌టాప్ ఉంది కదా, ఇన్వర్టరుతో నడిపేద్దాం అని మా బావమరిది సలహా ఇచ్చాడు. 12 వోల్టులని 230కి పెంచి, మళ్లీ అడాప్టరుతో 19కి దించడం అంటే బిందెతో నీళ్లు మేడ మీదికి మోసి పైపులోంచి కిందికి వదిలినట్టు. రెండుచోట్లా కరెంటు వేడిగా పోతుంది. పైగా ఇంజను స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. మా కారులో మల్టీమీటరు (వోల్టులు, యాంపులు కొలిచే మీటరు) పెట్టి చూస్తే 9.6 దాకా దిగింది. 12 వోల్టులు కావాల్సిన మినీ పీసీ అయితే ఆ క్షణంలోనే ఆరిపోతుంది. 5 వోల్టుల బోర్డుకి ఆ బాధ లేదు. 9 వోల్టుల నుంచి కూడా ఐదు హాయిగా వస్తుంది. నేను ఈ బోర్డుని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. 10 నంబరు స్పానరు చాలు. ఎయిర్‌బ్యాగులున్న కారైతే ఊడదీశాక కొన్ని నిమిషాలు ఆగి, ఆ తర్వాతే డాష్‌బోర్డు మీద చెయ్యి వెయ్యండి. పసుపు తొడుగున్న వైర్లు, పసుపు కప్లర్లు (వైర్లని కలిపే ప్లగ్గులు) కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. మీటరు ముల్లు కూడా ఆనించకూడదు. 2019 జులై తర్వాత తయారైన కార్లన్నిటికీ కనీసం డ్రైవరు బ్యాగైనా ఉంటుంది. మా కారుకి లేదు కాబట్టి నేను ధైర్యంగా చెయ్యి పెట్టాను. మీరు నన్ను చూసి పెట్టకండి.

ఇక కొలతలు. టూ డిన్ అనే పెద్ద సైజు స్టీరియో జాగా సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. రాస్‌బెర్రీ వాళ్ల ఏడంగుళాల పాత స్క్రీను 194 వెడల్పు, 110 ఎత్తు. అంటే అది ఆ గూట్లో పట్టదు. స్క్రీను కొనేశాక తెలుసుకున్న సంగతి ఇది. గూడు కోసేద్దామని బ్లేడు పట్టుకుంటే మా ఆవిడ "కారు అమ్మేటప్పుడు ఎవరికి చూపిస్తారు ఈ బొక్క?" అంది. మంచి మాట. బోర్డునీ కరెంటు సామానునీ గూటి లోపల పెట్టి, స్క్రీనుని గూటి ముందు నిలబెట్టాను. నేమ్‌బోర్డులు కోసే షాపులో 4 మిల్లీమీటర్ల నల్ల యాక్రిలిక్ షీటు లేజరుతో కోయించుకుని, దానికి స్క్రీను బిగించి, పాత స్టీరియో స్క్రూలు పట్టిన చోట్లలోనే ఆ షీటు బిగించాను. కారుకి ఒక్క గాటు పడలేదు. ముందుగా అట్టముక్క కోసి పెట్టి చూసుకోండి. గేరు వేస్తే చెయ్యి తగులుతుందా, ఏసీ గాలికి స్క్రీను అడ్డం పడుతుందా, మధ్యాహ్నం ఎండలో అద్దంలా మెరుస్తుందా అన్నవి అట్టతోనే తేలిపోతాయి.

పాత స్టీరియోని పారెయ్యలేదు. దానికి ఆక్స్ ఇన్‌పుట్, అంటే బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునే రంధ్రం ఉంది, నాలుగు స్పీకర్లు నడిపే యాంప్లిఫయరూ ఉంది. దాన్ని గ్లవ్ బాక్సులోకి మార్చి, కంప్యూటరు శబ్దాన్ని అందులోకి పంపాను. కొత్త యాంప్లిఫయరు ఖర్చు మిగిలింది. మా నాన్నకి రేడియో కూడా మిగిలింది. ఆ రేడియో సంగతి మళ్లీ వస్తుంది.

స్టీరియో వెనక కప్లరులో మనకి కావాల్సినవి మూడు వైర్లు. బజారు స్టీరియోలకి సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు వైరు తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు, నలుపు వైరు బాడీ, అంటే ఎర్తు. ఎరుపు దాన్ని ఆటోనగర్‌లో ఏసీసీ లైను అంటారు. యాక్సెసరీకి అది పొట్టిపేరు, ఎయిర్ కండిషనరుతో దానికి సంబంధం లేదు. ఈ రంగులు స్టీరియో వైపువి. కారు వైపు కప్లరులో రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి రంగుని నమ్మకండి, మీటరుని నమ్మండి. తాళం తీసేసినా 12 చూపించేది ఒకటి, తాళం తిప్పితేనే చూపించేది ఇంకొకటి. ఇప్పుడు చాలామంది చేయని మూడో పరీక్ష చేయండి. మీటరుని ఏసీసీ వైరు మీద ఉంచి, ఇంకొకరిని స్టార్టు చెయ్యమనండి. స్టార్టరు తిరుగుతున్నంతసేపు ఏసీసీ సున్నా అవుతుంది. స్టార్టరుకి కరెంటంతా వదలడం కోసం చాలా కార్లలో కావాలనే అలా పెడతారు. ఈ రెండు సెకన్ల సున్నాని గుర్తుపెట్టుకోండి.

వైర్లు కొయ్యకుండా, మధ్యలో తగిలించే కప్లర్లు ఆటోనగర్‌లో దొరుకుతాయి. మాది పాత కారైనా కప్లరే వాడాను. స్పీకర్ల నెగటివ్ వైర్లని మాత్రం బాడీకి కలపకండి. స్టీరియోలోని యాంప్లిఫయరు కాలిపోతుంది.

కంప్యూటరుకి కావాల్సిన కరెంటు స్టీరియో పసుపు వైరు నుంచి లాగొచ్చు. నేను నేరుగా బ్యాటరీ నుంచి వేరే వైరు తెచ్చాను, తర్వాత వచ్చే శబ్దం గొడవ సగం దీనివల్లే తప్పింది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది కంప్యూటరుని కాదు, వైరుని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎక్కడైనా రేకుకి ఒరుసుకుంటే అక్కడ మంటే. ఎంత ఫ్యూజు? లెక్క చిన్నదే. బోర్డు, స్క్రీను, జీపీఎస్ అన్నీ కలిపి 5 వోల్టుల దగ్గర రెండున్నర యాంపులు, అంటే పన్నెండున్నర వాట్లు. మార్పిడిలో పోయేదాంతో కలిపి పదిహేను. 12 వోల్టుల దగ్గర అది యాంపుంబావు, స్టార్టింగ్ సమయంలో యాంపున్నర పైచిలుకు. 3 యాంపుల వంగపండు రంగు బ్లేడు ఫ్యూజు సరిపోతుంది. షాపువాడు "లేదన్నా, ఇది వేసుకో" అని 20 యాంపుల పసుపుది చేతిలో పెడితే తీసుకోకండి. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే చోట రేకు అంచు కత్తిలా ఉంటుంది. ఉన్న రబ్బరు గ్రోమెట్‌లోంచే వైరు దూర్చండి. బాడీకి కలిపేచోట పెయింటు గీకి, వైరు చివర లగ్గు (రేకు రింగు) తొడిగి నొక్కి, బోల్టుతో బిగించండి. పెయింటు మీద బిగించిన ఎర్తు మొదటి వర్షాకాలం దాకే.

ఇప్పుడు 12ని 5 చేసే సంగతి. బజార్లో ఎల్ఎం2596 మాడ్యూలు ఇస్తారు, మూడు యాంపులని చెబుతారు. ఆ చిన్న బోర్డు మీద హీట్ సింకు లేకుండా మూడు యాంపులు లాగితే చెయ్యి పెట్టలేరు. ఐదు యాంపుల ఎక్స్‌ఎల్4015 మాడ్యూలు తీసుకుని దాంట్లో సగమే వాడుకోండి. బోర్డు తగిలించకముందే మీటరు పెట్టి, స్క్రూ తిప్పి 5.15 వోల్టులకి సెట్ చెయ్యండి. తర్వాత ఆ స్క్రూ మీద గోళ్లరంగు ఒక చుక్క వెయ్యండి. మన రోడ్ల కుదుపుకి ఆ స్క్రూ తిరిగితే 5 కాస్తా 7 అవుతుంది, బోర్డు పోతుంది. మా అమ్మాయి గోళ్లరంగు ఇప్పటికీ మా కారులో ఉంది, ముదురు ఎరుపు.

మాడ్యూలుకి ముందు రెండు రక్షణలు పెట్టాను. ఒకటి, ప్లస్సు, మైనస్సు తిరగేసి కలిపితే కాపాడే ఐదు యాంపుల షాట్కీ డయోడు, కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. రెండోది, వోల్టేజి పోటుని ఆపే 1.5కేఈ18ఏ అనే టీవీఎస్ డయోడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ వదులై ఊడిందనుకోండి, ఆల్టర్నేటరు (ఇంజను తిప్పే కరెంటు జనరేటరు) ఒక్క క్షణం పదుల వోల్టులు విసురుతుంది. ఎక్స్‌ఎల్4015 తట్టుకునేది 36 వరకే. టీవీఎస్ ఆ పోటుని పాతిక దగ్గర ఆపేస్తుంది. పొరపాటున ఎవరైనా లారీ 24 వోల్టుల బ్యాటరీతో జంప్ ఇచ్చినా ఆ డయోడు షార్టయి ఫ్యూజు ఎగిరిపోతుంది, బోర్డు బతుకుతుంది.

మాడ్యూలు నుంచి బోర్డుకి సన్నటి ఫోను కేబులు వాడకండి. మీటరు పొడవు సన్న కేబులులో రెండున్నర యాంపులు పోతే దారిలోనే అర వోల్టు, ఒక్కోసారి వోల్టు దాకా తినేస్తుంది. 4.63 కంటే తగ్గితే రాస్‌బెర్రీ స్క్రీను మూల మెరుపు గుర్తు చూపించి, వేగం తగ్గించుకుంటుంది. మొదటి నెల నాకు పాట మధ్యలో ఆగిపోతుంటే సాఫ్ట్‌వేరు అనుకుని రెండుసార్లు మళ్లీ ఎక్కించాను. అసలు దొంగ కేబులు. ఇప్పుడు జానెడు పొడవు, లావుపాటి వైర్లు నేరుగా 2, 4 పిన్నులకి ఐదు వోల్టులు, 6వ పిన్నుకి ఎర్తు ఇస్తున్నాయి. ఈ దారిలో తిరగేస్తే రక్షించే దిక్కు లేదు, రెండుసార్లు చూసుకుని కలపండి.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. అసలు కథ తాళం తీశాక మొదలవుతుంది.

మొదట నేను ఏసీసీ లైనుతోనే నడిపాను. తాళం తీస్తే కరెంటు టక్కున పోతుంది. కంప్యూటరుకి అది మెడ మీద కత్తి వేటు. మెమరీ కార్డు మీద రాస్తుండగా పోతే ఫైళ్లు చెడతాయి. మూడు వారాలకే కార్డు చచ్చింది. పైగా ప్రతిసారీ తాళం తిప్పగానే బోర్డు లేచేది, స్టార్టు చెయ్యగానే ఆ రెండు సెకన్ల సున్నాకి పడిపోయి మళ్లీ మొదటి నుంచి లేచేది. సిగ్నలు దగ్గర ఇంజను ఆపితే మళ్లీ అదే.

సరే అని ఎప్పుడూ ఉండే బ్యాటరీ లైనుకి మార్చి, దిగేముందు స్క్రీను మీద షట్‌డౌన్ నొక్కడం అలవాటు చేసుకున్నాను. షట్‌డౌన్ అయిందంటే కరెంటు తాగడం మానేసిందని అర్థం కాదు. సంక్రాంతికి కారు ఇంటి దగ్గర పెట్టి రైల్లో ఊరెళ్లాం. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి తాళం తిప్పితే కటక్ అని ఒక్క చప్పుడు, అంతే. తర్వాత కొలిచాను. పడుకున్న బోర్డు, చీకటిగా ఉన్న స్క్రీను, మాడ్యూలు కలిపి 150 మిల్లీయాంపులు. రోజుకి 3.6 యాంపియర్ అవర్లు, తొమ్మిది రోజులకి 32. బ్యాటరీ మొత్తం 35. ఇన్వర్టర్ల మెకానిక్ కారు బ్యాటరీ దిగిపోయిందని వీధంతా నవ్వింది, తోసింది కూడా వాళ్లే.

అప్పుడు కట్టిన సర్క్యూటు ఇది. ఇప్పటికీ ఇదే నడుస్తోంది. ఫ్యూజుకీ మాడ్యూలుకీ మధ్యలో చిన్న 12 వోల్టుల రిలే (తన కాయిలులో కరెంటు పోతే కలిసే స్విచ్చు) ఒకటి. కాయిలు 400 ఓములది, అంటే 30 మిల్లీయాంపులే తాగుతుంది. హెడ్‌లైట్లకి వాడే పెద్ద రిలే అయితే ఈ చిన్న ట్రాన్సిస్టరు మొయ్యలేదు. కాయిలు ఒక చివర ఎప్పుడూ ఉండే 12కి, రెండో చివర బీసీ547 ట్రాన్సిస్టరు కలెక్టరుకి. ఎమిటరు ఎర్తుకి. కాయిలుకి అడ్డంగా 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు ప్లస్సుకి. ట్రాన్సిస్టరు బేసుకి రెండు దారులు: ఏసీసీ నుంచి ఒక డయోడు, 4.7 కిలో ఓముల రెసిస్టరు మీదుగా ఒకటి, రాస్‌బెర్రీ 26వ జీపీఐఓ (ప్రోగ్రాముతో నడిపే పిన్ను; ఇది జీపీఐఓ నంబరు, వరసలో పిన్ను నంబరు కాదు) నుంచి 1 కిలో ఓము మీదుగా ఇంకొకటి. బేసుకీ ఎర్తుకీ మధ్య 10 కిలో ఓములు.

పనితీరు వరసలో చూడండి. తాళం తిప్పితే ఏసీసీ ట్రాన్సిస్టరుని లేపుతుంది, రిలే కలుస్తుంది, బోర్డు లేస్తుంది. లేచాక బోర్డు తన 26వ పిన్నుతో అదే ట్రాన్సిస్టరుని తానూ పట్టుకుంటుంది. అంటే ఇక ఏసీసీ పోయినా తన కరెంటు తన చేతిలోనే ఉంటుంది. స్టార్టింగ్‌లో వచ్చే రెండు సెకన్ల సున్నా ఇక్కడితో చెల్లు. మరి తాళం నిజంగా తీశామని బోర్డుకి ఎలా తెలుస్తుంది? ఏసీసీ నుంచి 2.2 కిలో ఓముల మీదుగా పీసీ817 ఆప్టో కప్లరు (వైరు కలపకుండా వెలుతురుతో సంకేతం దాటించే ముక్క) వెలుగుతుంది, దాని రెండో వైపు 17వ జీపీఐఓని ఎర్తుకి లాగుతుంది. 12 వోల్టులు నేరుగా పిన్నుకి తగలవు. ఆ పిన్నులు 3.3 వోల్టుల ప్రాణులు. ఏసీసీ పోతే 17వ పిన్ను పైకి లేస్తుంది. నేను రాసుకున్న నాలుగు లైన్ల ప్రోగ్రాము ఆ పిన్ను వరసగా పది సెకన్లు పైనే ఉందా అని చూస్తుంది. ఉంటే షట్‌డౌన్ మొదలుపెడుతుంది. లేకపోతే స్టార్టింగే అనుకుని ఊరుకుంటుంది. పెట్రోలు బంకులో ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేసే అలవాటున్నవాళ్లు పదిని అరవై చేసుకోండి.

చివరి మెట్టు: షట్‌డౌన్ పూర్తయ్యాక 26వ పిన్నుని కిందికి దించాలి. దీనికి రాస్‌బెర్రీ సిస్టంలోనే జీపీఐఓ పవరాఫ్ అనే ఓవర్‌లే (సిద్ధంగా ఉండే సెట్టింగు) ఉంది. దాన్ని కాన్ఫిగ్ ఫైల్లో యాక్టివ్ లో అన్న మాటతో కలిపి రాసుకుంటే, నడుస్తున్నంతసేపు పిన్ను పైన ఉంటుంది, అంతా ఆగాక కింద పడుతుంది. ట్రాన్సిస్టరు వదిలేస్తుంది, రిలే టిక్ అంటుంది, మాడ్యూలుకే కరెంటు ఉండదు. ఆ టిక్ వినడానికి నేను మొదటి వారమంతా కారు దిగి, తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడేవాణ్ణి.

నిజంగా సున్నా అయిందో లేదో కొలవాలి. కంప్యూటరు వైరు ఫ్యూజు తీసి, ఆ జాగాలో మీటరుని మిల్లీయాంపుల్లో పెట్టండి. అప్పటికి రిలే వదిలేసి ఉండాలి. మీటరు ముందే పెట్టి తాళం తిప్పితే మీటరులోని ఫ్యూజు ఎగురుతుంది, నాది రెండుసార్లు ఎగిరింది. నాకు సున్నా చూపించింది. స్టీరింగు కింది ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్‌లు కారు లోపాలు చదివే సాకెట్) బ్లూటూత్ ముక్క తగిలించి మర్చిపోయేవాళ్లకో మాట: ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళంతో పనిలేకుండా కరెంటు ఉంటుంది, ఆ ముక్క కూడా రాత్రంతా తాగుతూనే ఉంటుంది.

ఇక శబ్దం. ఇంజను వేగం పెంచితే స్పీకర్లలో దోమలా కీచుమంటూ పెరిగే శబ్దం వస్తే అది ఆల్టర్నేటరుది. కంప్యూటరు ఎర్తూ, స్టీరియో ఎర్తూ వేర్వేరు చోట్ల ఉన్నందువల్ల వస్తుంది. రెండిటినీ ఒకే బోల్టు కిందికి తెస్తే నాకు చాలావరకు పోయింది. మిగిలినది ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటరు పెడితే పోయింది. బోర్డు హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చే శబ్దం అంతంతమాత్రం, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు మేలు.

అంతా అయిందనుకున్నాక మా నాన్న ఒకరోజు పొద్దున 6.45కి ప్రాంతీయ వార్తల కోసం ఆకాశవాణి విజయవాడ పెట్టించారు. వార్తలు లేవు, ఒకటే బర్రుమనే మోత. ఎక్స్‌ఎల్4015 సెకనుకి లక్షా ఎనభై వేలసార్లు కరెంటుని ఆపి వదులుతుంటుంది. దానికి రెట్టింపు, మూడింతలు అలా పుట్టే పిల్ల తరంగాలు చాలా ఆ స్టేషను వచ్చే మీడియం వేవ్ మీద పడతాయి. మాడ్యూలుని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని ఎర్తు చేసి, వచ్చే పోయే వైర్లని మెలిపెట్టి ఫెర్రైటు ముక్కల్లోంచి దూర్చి, యాంటెనా కేబులుకి దూరంగా జరిపాను. డబ్బాకి లోపల ప్లాస్టిక్ షీటు అతికించడం మర్చిపోకండి, రేకుకి తగిలితే షార్టే. వార్తలు ఇప్పుడు వినబడుతున్నాయి, కొంచెం గరగర మిగిలింది. నాన్న దానికి సర్దుకున్నారు.

వేడి సంగతి మన ఊళ్లలో వేరే చెప్పాలి. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనదు. రాస్‌బెర్రీ చిప్పు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, ఎండలోంచి వచ్చి కూర్చున్నప్పుడు దానికి మొదలే సగం దూరం అయిపోయి ఉంటుంది. అల్యూమినియం కేసు పెట్టండి, చిన్న ఫ్యాను పెట్టండి, వీలైతే ఏసీ గొట్టం పక్కకి జరపండి. కరెంటు పోయినా కాసేపు నడవాలని కొందరు లిథియం సెల్లులున్న యూపీఎస్ బోర్డు గానీ పవర్ బ్యాంకు గానీ డాష్‌బోర్డులో దాస్తారు. ఆ పని మాత్రం చేయకండి. పైన చెప్పిన రిలే ఉంటే దాని అవసరమే లేదు. మామూలు ఇన్సులేషన్ టేపు కూడా ఒక్క వేసవికి జిగురుగా కారిపోతుంది. కలిపిన ప్రతిచోటా టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, పైన బట్ట టేపు చుట్టండి.

వీడియో చూపించే సాఫ్ట్‌వేరు పెడితే, హ్యాండ్ బ్రేకు స్విచ్చు వైరుని ఇంకో ఆప్టో కప్లరుతో బోర్డుకి ఇచ్చి, బ్రేకు వేసి ఉన్నప్పుడే బొమ్మ వచ్చేలా చేసుకోండి. మా అమ్మాయి గోల చేసింది, అయినా పెట్టాను.

షీటు బిగించి స్క్రూలు వేసేముందు రెండు రోజులు అలాగే విప్పి ఉంచి తిప్పండి. నేను విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు దాకా వైర్లు వేలాడుతుండగానే వెళ్లొచ్చాను. తిరిగొచ్చి మాడ్యూలు, రిలే, కప్లర్లు ఒక్కొక్కటే ముట్టుకుని చూశాను. వేడిగా ఉన్నది షాట్కీ డయోడు ఒక్కటే, దానికి చిన్న రేకుముక్క తగిలించి, గూట్లో గలగలలాడే చోట్ల స్పాంజి ముక్కలు కుక్కి మూసేశాను.